చప్పుడు బల్ల

చదివే గది, తాళం వేసిన తలుపుకు ఇవతల
ఎండలు ముదరకముందు

మరదలా,

నువ్వు ఫోనెత్తవు. నీ కూతురు ఎత్తి, "అమ్మ బాబుకి నీళ్ళు పోస్తోంది అత్తయ్యా" అంటుంది. పొద్దున చేసినా నీళ్ళే, సాయంత్రం చేసినా నీళ్ళే. పసివాణ్ణి నానబెట్టి పెట్టావా ఏమిటి? అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని నీ బదులు ఇంకొకరు ఎత్తి అబద్ధం చెప్పలేరు కదా.

మన చదివే గది మూసేశాం. ఈ జబ్బు తగ్గేదాకా నలుగురు ఒకచోట కూర్చోవద్దన్నారు. మన గదిలో నలుగురు ఒకచోట కూర్చోవడం తప్ప ఇంకో పనే లేదాయె. తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఈ గది పెట్టిన కళ్ళ డాక్టరమ్మ బతికుంటే ఏమనేదో అనుకున్నాను. "చూపు తెప్పించలేకపోయాను, కథైనా వినిపించి పంపిస్తాను" అని కదా ఆవిడ మొదలుపెట్టింది. మన వినేవాళ్ళలో సగం మంది ఒంటరివాళ్ళు. సాయంత్రం మన గదిలో వినే నీ గొంతే చాలామందికి ఆ రోజుకు మొదటి గొంతు. నెల రోజులు మూస్తే వాళ్ళు ఓర్చుకుంటారు. ఆర్నెల్లు మూస్తే ఒక్కొక్కరే మంచం పడతారు, ఆ తర్వాత గది తెరిచినా వినడానికి ఎవరుంటారు?

ఇక అసలు గొడవ చెప్తాను. కూతురి పురిటికి వెళ్తూ ఆ ఓడ నవల నీ సంచిలో వేసుకుపోయావు. పది రోజుల్లో వస్తానన్నావు. మన దగ్గర ఉన్న కాపీ అదొక్కటే. నువ్వు చివరగా చదివిన వాక్యం గుర్తుందా? "కెప్టెన్ గదిలో, ఎవరూ ముట్టుకోకుండానే, పెట్టె మూత మెల్లగా పైకి లేచింది." అంతే, పుస్తకం మూసేసి రైలెక్కావు. ఇప్పుడు రోజూ నాకు ఫోన్లు. "టీచరమ్మా, పెట్టెలో ఏముంది?" నన్నడిగితే నేనేం చెప్తాను, నేనేమైనా ఆ పెట్టెలో ఉన్నానా?

మన సెక్షన్‌గారి సంగతి సరేసరి. కోర్టు గుమాస్తాగా రిటైరైనా కోర్టు ఆయన్ని వదల్లేదు. "పుస్తకం గడప దాటకూడదు కదండీ, ఏ సెక్షను కింద దాటింది?" అని అడుగుతున్నారు.

నువ్వు ఫోనులో చదువు. అందరినీ ఒక లైను మీదకు తెచ్చే ఏర్పాటు నేను చూస్తాను. వెంటనే జవాబు రాయి.

కమిటీ అధ్యక్షురాలు, అంతకన్నా ముందు నీ వదిన

——

కూతురి ఇల్లు, బట్టలారేసే బాల్కనీ

వదినా,

ఉత్తరం అందింది. చదువుతూ నవ్వాను. అల్లుడు లోపల్నుంచి కళ్ళతోనే "ష్" అన్నాడు. ఆఫీసంతా ఇప్పుడు మా భోజనాల బల్ల మీదే జరుగుతోంది. పైన చొక్కా, కింద లుంగీ, మధ్యలో కంప్యూటరు. ఈ ఇంట్లో దగ్గాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి.

బాబు బాగున్నాడు. ముక్కు నాది, కోపం మీ ఆయనది. నిద్రలో పిడికిలి బిగిస్తాడు, అచ్చం అన్నయ్య పేపరు చదివేటప్పుడు బిగించినట్టే.

నాకు మధ్యలో కొన్నాళ్ళు జ్వరం తగిలి పోయింది. వెనకగదిలో విడిగా ఉంచారు, గడప దగ్గర కంచం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. అన్నయ్యకు చెప్పకు, గోరంత సంగతిని కొండంత చేస్తాడు.

ఫోనులో చదవడం అంటావా? వాడు పడుకున్నప్పుడు చదవకూడదు, లేచినప్పుడు చదవనివ్వడు. పుస్తకం భద్రంగా ఉంది, నా దిండు కిందే. వీలు చూసుకుని పంపిస్తాను, ఎవరైనా చదువుకోవచ్చు. అయినా గది బయట చదవాలంటే కమిటీ తీర్మానం కావాలి కదా? ముందు సెక్షన్‌గారిని ఒప్పించు చూద్దాం.

పెట్టెలో ఏముందో మాత్రం చెప్పను. నేను చెప్పానంటే నీ నోట్లో నువ్వుగింజ నానదు.

నీ మరదలు

——

మా వంటింటి గట్టు

మరదలా,

జ్వరం వచ్చి తగ్గాక చెప్తావా? నీతో తర్వాత మాట్లాడతాను. అన్నయ్యకు చెప్పలేదు, నువ్వు అడిగావు కాబట్టి.

తీర్మానం కావాలన్నావు కదా, కమిటీ సమావేశం ఫోనులోనే పెట్టాను. పెట్టి చెడ్డాను. మన కమిటీలో చెయ్యెత్తితే ఓటు కాదు. ఎత్తిన చెయ్యి వయొలిన్ మేష్టారికి కనపడదు కనక, ఆయనకూ తెలిసేలా ఒప్పుకున్నవాళ్ళు అరచేత్తో బల్ల చరవాలని డాక్టరమ్మ పెట్టిన పద్ధతి. అందరూ చరిస్తేనే తీర్మానం. ఇన్నేళ్ళూ ఆ గుండ్రటి బల్ల మీద చప్పుళ్ళతోనే బండి నడిచింది. ఫోనులో ఎలా నడుస్తుందో ఎవరమూ ఆలోచించలేదు.

"గది బయట కూడా, ఫోనులో, కథ చదవవచ్చు. ఒప్పుకున్నవాళ్ళు చరవండి" అన్నాను. వడ్రంగి తన ఇంటి తలుపు చరిచాడు. వెంటనే వాళ్ళావిడ ఎవరొచ్చారోనని తలుపు తీసింది. మందుల షాపావిడ కౌంటరు చరిస్తే సీసాలు గలగలమన్నాయి. మేష్టారు వయొలిన్ పెట్టె చరిచారు. సెక్షన్‌గారి ఇంట్లోంచి ధబేల్మని పెద్ద చప్పుడు.

"సెక్షన్‌గారూ, అంత గట్టిగా ఒప్పుకున్నారా!" అన్నాను.

"అది మా ఆవిడండి. గిన్నె జారింది. ఆవిడ సభ్యురాలు కాదు" అన్నారాయన. "అసలు ఇదేం పద్ధతండి? ఒకరు తలుపు, ఒకరు పెట్టె. రేపు ఎవరో గోడ చరిచి గదినే అమ్మేస్తారు. ఆ బల్ల మీద పడితేనే ఓటు. లేకపోతే చెల్లదు."

"ఆ బల్ల దగ్గరికి అందరం వెళ్ళకూడదు కదండీ ఇప్పుడు?"

"అయితే బల్లే మన దగ్గరికి రావాలి" అన్నారు వెటకారంగా.

ఇంతలో వడ్రంగి నెమ్మదిగా అన్నాడు: "వస్తుందండీ. నా దగ్గర రంపం ఉంది."

ముందు అందరం నవ్వాం. తర్వాత ఒక్కొక్కరమే నవ్వడం మానేశాం. సెక్షన్‌గారు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. చివరికి, "బల్లను కోయరాదని ఎక్కడా లేదండి" అన్నారు. కోయడానికి తీర్మానం కావాలి, తీర్మానానికి బల్ల కావాలి, బల్ల గదిలో ఉంది కదా అని నేను తల పట్టుకున్నాను. ఆయనే గట్టెక్కించారు. "కోత తీర్మానం కిందకు రాదండి. మరమ్మతు. మరమ్మతుకు ఓటు అక్కర్లేదు."

మేష్టారు మాత్రం ఒకటే అడిగారు, "అందరికీ ముక్కలు పంచాక మళ్ళీ కలుస్తాయా?" అని. వడ్రంగి "కలుపుతాను మేష్టారూ, అతుకు కనిపిస్తుంది, అంతే" అన్నాడు. "నాకు కనిపించదులే" అన్నారు మేష్టారు. దాంతో మళ్ళీ నవ్వాం.

నువ్వు ఆ లైను మీద ఉన్నావు, పసివాడి ఏడుపు వినపడింది. ఒక్క మాటా మాట్లాడలేదేం? ఇంటిల్లిపాదినీ మాటలతో ముంచెత్తేదానివి, నోటికి తాళం వేసుకున్నావా?

నీ వదిన

——

బాల్కనీయే, ఈసారి పాల సీసా పక్కన పెట్టుకుని

వదినా,

గిన్నె ఓటు దగ్గర నవ్వలేక దగ్గొచ్చింది. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఉత్తరం ఇచ్చాను, అదీ చదివి నా పక్కనే కూలబడి నవ్వింది. ఇల్లంతా ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో.

బల్ల కోస్తారంటే మొదట ప్రాణం ఉసూరుమంది. ఆ బల్ల దగ్గరే కదా డాక్టరమ్మ నన్ను మొదటిసారి కూర్చోబెట్టింది. పెళ్ళయిన కొత్తలో నేను నలుగురిలో నోరెత్తేదాన్ని కాదు, నీకు తెలుసు. "నీ గొంతు బాగుందమ్మా, దాన్ని ఇంట్లో దాచుకోకు" అంది. ఆ రోజు నుంచీ నన్నెవరైనా ఏం చేస్తావని అడిగితే, చదువుతాను అనే చెప్పాను. ఇంకేమీ చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు కూడా.

ఆవిడ టీ కప్పు మరక ఒకటుంటుంది, గుండ్రంగా, కిటికీ వైపు. ఆ ముక్క నాకు ఇప్పించు. మందుల షాపావిడ వ్యాను సరుకు కోసం ఈ ఊరికి వస్తుంటుంది కదా, అందులో పంపించు.

తీర్మానం అయ్యాక చదువుతానులే. వచ్చే నెలకి కుదురుతుందనుకుంటాను. కుదరాలి.

నీ మరదలు

——

మళ్ళీ వంటింటి గట్టే, తలుపు వేసుకుని

మరదలా,

ఈ ఉత్తరంలో ఒక మంచి వార్త, ఒక ఘోరం ఉన్నాయి. మంచిది ముందు చెప్తాను.

బల్ల కోశారు. నేను కిటికీ బయట నిలబడి చూశాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని వడ్రంగి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. రంపం పెట్టబోయి, బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత కోయడం మొదలుపెట్టాడు. గుండ్రటి బల్ల కదా, కేకు ముక్కల్లా వచ్చాయి. అంచులు నున్నగా రుద్ది, ఒక్కోటీ పాత దుప్పట్లో చుట్టాడు. మందుల షాపావిడ దగ్గుమందుతో పాటు ఇంటింటికీ బల్ల ముక్క పంచింది. పోలీసు ఆపి ఇదేమిటని అడిగితే "ఓటు" అని చెప్పిందట. పాపం ఆ పోలీసు ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం ఓటింగు. ఒక్కొక్కరూ తమ ముక్క చరిచారు. మేష్టారు చప్పుడును బట్టి పేరుపేరునా చెప్పారు. "ఇది అధ్యక్షురాలు, పిల్లల్ని కూర్చోబెట్టినట్టు చరుస్తుంది. ఇది వడ్రంగి. ఇది సెక్షన్‌గారు, రబ్బరు స్టాంపు వేసినట్టుంది." నీది పడగానే, "ఇది మన చదివే అమ్మాయి. ఎందుకో ఈసారి మెల్లగా చరిచింది" అన్నారు. తీర్మానం నెగ్గింది! సెక్షన్‌గారు కూడా "చెల్లుతుందండి" అన్నారు.

ఇక ఘోరం. మర్నాడు సాయంత్రం మొదటి చదువు. వినేవాళ్ళంతా లైను మీదకు వచ్చారు. దగ్గులు, కుర్చీ లాక్కోవడాలు, "వినపడుతోందా" అని అరుపులు, అచ్చం మన గదే. "ఇప్పుడు మా మరదలు చదువుతుంది" అని నేను ప్రకటించాను. నీ ఊపిరి వినపడింది. పేజీ తిప్పిన చప్పుడు వినపడింది. అంతలో లైను తెగింది. సిగ్నల్ పోయిందనుకుని మళ్ళీ మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

అందరూ ఎదురుచూస్తున్నారు. "టీచరమ్మా, పెట్టెలో ఏముంది?" అని ఎవరో అన్నారు. నేను చదివితే హాజరు పిలిచినట్టుంటుందని నువ్వే అంటావు కదా. చదవడానికి పుస్తకం కూడా లేదాయె. అయినా నోరు తెరిచాను. తెరిచాక మూత పడలేదు.

కల్పించాను మరదలా. మూత లేచింది అన్నాను. వంటవాడు కెప్టెన్ గదిలోకి తొంగి చూశాడు అన్నాను. లోపల ఏముందో నాకే తెలియదు కదా! అది చెప్పకుండా తప్పించుకోవాలి. అందుకని వంటవాడు అదిరిపడి వెనక్కి నడుస్తూ నడుస్తూ డెక్కు మీంచి సముద్రంలో పడిపోయాడు అన్నాను. "చచ్చిపోయాడా?" అన్నారు. "ఆఁ" అన్నాను.

నేనొకటి తలిస్తే ఇంకొకటైంది. అందరూ ఏడుస్తున్నారు. వాళ్ళకు వాడంటే అంత ప్రాణమని నాకేం తెలుసు? మేష్టారు ఫోను పక్కన పెట్టి వయొలిన్‌ మీద చావుపాట వాయించారు. ఒకావిడ రాత్రి భోజనం చెయ్యలేదట. సెక్షన్‌గారు ఫోన్ చేసి "పాత్రను తొలగించడానికి తీర్మానం ఉందాండి?" అన్నారు.

ఇప్పుడేం చెయ్యను? అసలా పెట్టెలో ఏముంది?

కుడితిలో పడ్డ ఎలుక (నీ వదినే)

——

వెనకగది

వదినా,

వంటవాణ్ణి చంపేశావా! ఓడలో అంతమంది ఉంటే నీకు వంటవాడే దొరికాడా? ఆ పెట్టెలో ఉన్నది కెప్టెన్ కూతురు. ఏడేళ్ళ పిల్ల. తండ్రితో వస్తానని మారాం చేసి, ఒప్పుకోకపోతే దొంగతనంగా ఎక్కి ఆ పెట్టెలో దాక్కుంది. కెప్టెన్‌కు తెలిస్తే వచ్చే రేవులో దింపేస్తాడని, రోజూ రొట్టె దాచి తెచ్చి పెట్టి ఆ పిల్లను బతికిస్తున్నది వంటవాడే. ఇప్పుడు వాడు చస్తే దానికి తిండి పెట్టేదెవరు? నువ్వు పెడతావా? అవతల ఇంకా సగం పుస్తకముంది, వాడు లేకుండా ఒక్క పేజీ నడవదు!

రెండు రోజులు నీ మీద కోపంతో ఇంట్లో తిరిగాను. తర్వాత అనిపించింది, ఆ సాయంత్రం నేను చదివి ఉంటే వాడు చచ్చేవాడు కాదు కదా అని.

సిగ్నల్ పోలేదు వదినా. గొంతు పోయింది.

జ్వరం తగ్గింది కానీ వెళ్తూ వెళ్తూ దాన్ని తీసుకుపోయింది. మొదట్లో గుసగుస కూడా వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది, బొంగురుగా, మధ్యమధ్య గాలి, అక్కడక్కడ కీచు. తలుపు బిజాగరీలాగా. పాత గొంతు తిరిగి రావచ్చన్నాడు డాక్టరు, రాకపోవచ్చన్నాడు. అందుకే నీ ఫోన్లు ఎత్తలేదు. ఎత్తితే మొదటి మాటకే కనిపెట్టేస్తావు. నీ తీర్మానం అయ్యేలోపు బాగుపడుతుందనుకున్నాను. రోజూ పొద్దున లేవగానే ఈ గదిలో తలుపేసుకుని ఒక పేజీ చదివి చూసుకున్నాను. ఆ సాయంత్రం ఫోను పట్టుకున్నాను, అందరి దగ్గులూ విన్నాను, ఎవరి దగ్గు ఎవరిదో నాకు తెలుసు. నోరు తెరిచాను. నా గొంతు కోసం చెవి రిక్కించుకుని కూర్చున్న వాళ్ళకు ఇది వినిపించలేకపోయాను. భయమేసింది, పెట్టేశాను.

పుస్తకం ఇంతకుముందే పంపాల్సింది. ఇది పంపేస్తే ఇక నేను చదివేదాన్ని కాదని ఖాయమైపోతుందని, దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. బాగా చదివేవాళ్ళను చూసుకోండి. నా రాజీనామా కూడా ఇందులోనే ఉంది. నా బల్ల ముక్క మళ్ళీ వ్యాను వచ్చినప్పుడు ఇచ్చేస్తాను.

బాబుకు లాలిపాట పాడలేకపోతున్నాను. వాడు మాత్రం ఏమీ అనుకోవడం లేదు.

నీ మరదలు

——

మెట్ల మీద, గది ముందు

పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ అన్నయ్యకు చెప్పాను, ఆయనా ఏడ్చాడు, ఆ తర్వాత నీకు అర్జెంటుగా తేనె సీసా పంపాలన్నాడు. ఇద్దరం ఏడవడం అయ్యాక నాకు కోపం వచ్చింది. జ్వరమొస్తే దాస్తావు, గొంతు పోతే దాస్తావు. నీకు వదిన ఎందుకు మరి, పండక్కి చీర పెట్టడానికా?

రాజీనామా కమిటీలో పెట్టాను, పెట్టక తప్పదు. అంతా విడమరిచి చెప్పి, "ఒప్పుకున్నవాళ్ళు చరవండి" అన్నాను. ఒక్క చప్పుడు లేదు. సెక్షన్‌గారి ఇంట్లో గిన్నె కూడా పడలేదు. చివరికి ఆయనే, "రాజీనామా వీగిపోయిందండి. మినిట్స్‌లో రాసుకుంటున్నాను" అన్నారు.

అప్పుడు మేష్టారు అడిగారు. "గొంతు అసలు లేదా, బొంగురుపోయిందా?"

"బొంగురట. మధ్యలో గాలి, కీచు" అన్నాను.

"మరింకేం" అన్నారాయన. "సముద్రంలో పడి ఉప్పునీళ్ళు తాగినవాడు ఇంకెలా మాట్లాడతాడు? కోయిలలా కూస్తాడా? మీరు వాణ్ణి నీళ్ళలో తోశారు, ఆ అమ్మాయిని పైకి లాగమనండి. ఇప్పుడు ఆ గొంతు ఒక్క ఆ అమ్మాయికే ఉంది."

మందుల షాపావిడ బల్ల చరిచింది. వడ్రంగి చరిచాడు. నేను తీర్మానం ఏదీ ప్రవేశపెట్టనే లేదు, అయినా సెక్షన్‌గారూ చరిచారు.

నీ పుస్తకం పార్సిలు విప్పలేదు. అలాగే తిరిగి పంపుతున్నాను, తేనె సీసాతో. శనివారం సాయంత్రం అందరూ లైను మీద ఉంటారు. నీ గొంతు సంగతి వాళ్ళకు నేను చెప్పలేదు. వంటవాడి గురించి ఒక కబురు వస్తుందని మాత్రం చెప్పాను. చదవలేకపోతే చదవకు, నీ మీద బలవంతం లేదు. కానీ ఈసారి లైను తెగితే నేను మళ్ళీ కల్పిస్తాను. ఈసారి ఓడ మొత్తం ముంచేస్తాను. ఆలోచించుకో.

నీ వదిన

——

వెనకగది, తలుపు తీసే ఉంది

వదినా,

శనివారం నువ్వు అక్కడ ఉండి విన్నావు. ఇక్కడ ఎలా ఉందో నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

బల్ల ముక్క ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పుస్తకం పెట్టుకున్నాను. టీ మరక మీద బొటనవేలు. అల్లుడు ఆఫీసు కట్టేసి బాబును భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అత్తయ్యా, నేను కూడా విననా?" అన్నాడు. ఇన్నాళ్ళూ ష్ అన్నవాడు.

నువ్వు ప్రకటించావు. పుస్తకంలో లేని మాట ఒకటి చెప్పి మొదలుపెట్టాల్సి వచ్చింది, నీ పుణ్యమా అని. "నేను చావలేదు" అన్నాను. బిజాగరీ కిర్రుమంది. "వంటవాణ్ణి. నీళ్ళలో పడ్డాను, తాడు దొరికింది, ఎక్కాను. చచ్చానని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్ళకు ఈత రాదు."

అవతల ఏమీ వినపడలేదు. అందరూ ఫోన్లు పెట్టేశారనుకున్నాను. అంతలో ఒక చోట ధప్పుమంది. తర్వాత ఇంకో చోట. తలుపులు, మంచాలు, కంచాలు, ఎవరి చేతికి ఏది అందితే అది చరుస్తున్నారు. వాళ్ళెవరూ కమిటీ సభ్యులు కారు. సెక్షన్‌గారు అడ్డు చెప్తారేమోనని చూశాను. చెప్పలేదు. "ఒరేయ్, నీ గొంతుకేమైందిరా!" అని భోజనం మానేసిన ఆవిడ అరిచింది. "ఉప్పునీళ్ళమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటతో నా భయం పోయింది వదినా. నిజంగా పోయింది.

పెట్టెలో పిల్ల మాటలు వచ్చేసరికి మాత్రం చిక్కొచ్చింది. ఈ గొంతుతో ఏడేళ్ళ పిల్ల ఎలా మాట్లాడుతుంది? ఆగిపోతే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. నా భుజం మీంచి తొంగి చూసి ఆ పిల్ల మాటలు తను చదివింది. చిన్నప్పుడు అది మారాం చేసిన గొంతే. వంటవాడు రొట్టె ఇచ్చే చోట ఇద్దరం ఒకరినొకరం చూసుకుని, ఒక లైను తప్పిపోయాం కూడా.

ఇక కెప్టెన్ మిగిలాడు. గంభీరంగా, కరకుగా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలకాలి. అచ్చం హాజరు పిలిచినట్టు. నీకు తప్ప ఎవరికీ రాదు. వచ్చే శనివారం నుంచి నీ మాటలు రాసి పంపుతాను. వద్దంటే రాజీనామా పెట్టుకో, వీగిపోతుంది.

నీ మరదలు (వంటవాడు)

——

చదివే గది, కిటికీలన్నీ తెరిచి
వానలు వెలిశాక

వంటవాడా,

కెప్టెన్ రాస్తున్నాను. గది తెరిచాం! అన్ని కిటికీలూ తీసి, కుర్చీలు దూరదూరంగా వేసి, మూతులకు గుడ్డలతోనే. అయినా తెరిచాం. నేను తాళం తీస్తుంటే మెట్ల కింద నుంచి పైదాకా చేతికర్రల చప్పుడు. ఆ చప్పుడు వినడానికే బతికున్నానేమో అనిపించింది. ఇద్దరు మాత్రం రాలేదు, ఇక రారు. వాళ్ళ కుర్చీలు తియ్యవద్దని అందరూ అన్నారు. తియ్యలేదు.

ఫోను చదువు కూడా ఆపడం లేదు. ఇప్పుడు వేరే ఊళ్ళ నుంచి వినేవాళ్ళున్నారు, మంచం దిగలేనివాళ్ళున్నారు. మన గదిలో పట్టేవాళ్ళ కన్నా ఆ లైను మీదే ఎక్కువమంది ఉన్నారు. కథ ఇక్కడ చదువుతాం, ఫోను మధ్యలో పెడతాం. నేను చదవడం మొదలుపెడితే ఇప్పుడెవరూ నిద్రపోవడం లేదు. ఓడలో కెప్టెన్ అరిస్తే మన సెక్షన్‌గారు కూడా లేచి నిలబడుతున్నారు. నువ్వు నవ్వకు, నాకు గర్వంగానే ఉంది.

వడ్రంగి బల్ల అతికించాడు. అతుకులు పైకి కనిపిస్తాయి. నున్నగా చేస్తానంటే మేష్టారు ఒప్పుకోలేదు. వేలితో తడిమి తన చోటు తనే వెతుక్కుంటున్నారు, ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాళ్ళు. కిటికీ వైపు మాత్రం నీ ముక్క చోటు ఖాళీ. నిన్న ఆ ఖాళీలో నా టీ కప్పు పెట్టబోయాను, కింద పడి పగిలింది.

సమావేశం పెట్టబోతే సెక్షన్‌గారు లేచారు. "అసంపూర్తి బల్ల మీద ఏ తీర్మానమూ చెల్లదండి." "అయితే ఏం చేద్దాం?" అన్నాను. "ఆవిణ్ణి పిలిపించండి" అని కూర్చున్నారు. ఆ మాట చెప్పడానికే అంత నియమం తవ్వి తీశారాయన.

రైళ్ళు నడుస్తున్నాయట. నవల చివరి అధ్యాయం మిగిలే ఉంది. దాన్ని ఫోనులో వినమని ఇక్కడ ఎవరూ ఒప్పుకోవడం లేదు.

కెప్టెన్

——

కూతురి ఇల్లు, సగం సర్దిన పెట్టె పక్కన

వదినా,

టికెట్టు దొరికింది. అమ్మాయీ, అల్లుడూ, బాబూ కూడా వస్తున్నారు. చివరి అధ్యాయంలో పిల్ల మాటలు తను తప్ప ఇంకెవరూ చదవకూడదని అమ్మాయి పంతం. అల్లుడు సెలవు పెట్టాడు, కిందా పైనా కూడా ఆఫీసు బట్టలు వేసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు.

డాక్టరుకు మళ్ళీ చూపించుకున్నాను. ఇక ఇంతే ఉండిపోవచ్చన్నాడు. బయటికొచ్చి ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. పాత గొంతు డాక్టరమ్మ కనిపెట్టింది, కొత్తది మేష్టారు కనిపెట్టారు. రెండూ నావే.

బల్ల ముక్క దుప్పట్లో చుట్టి పైనే పెట్టుకున్నాను. వడ్రంగికి ముందే చెప్పు, ఒక మూల కాస్త గరుకుగా ఉంటుంది. బాబుకు పళ్ళొస్తున్నాయి. నేను చూసేలోపే కొరికేశాడు, రెండు గాట్లు పడ్డాయి. వాటిని చిత్రిక పట్టవద్దని చెప్పు. కిటికీ వైపు కూర్చున్నవాళ్ళకు వేలికి తగలాలి.

ఒక సంగతి. మేం వచ్చేసరికి నువ్వు పెరట్లో ఉంటావు, వీధి గుమ్మంలోంచి వదినా అని పిలిస్తే నా గొంతు అక్కడిదాకా రాదు. అందుకని పిలవను. తలుపు చరుస్తాను. ఎవరో నీకు తెలుస్తుంది.